మా అపార్ట్‌మెంట్ సైట్‌లో 'చివరి లాగిన్' టైమ్ తప్పుగా వస్తోంది, పెద్దాయన ఒకరు భయపడిపోయారు

మధురవాడ_కుర్రాడు
మా అపార్ట్‌మెంట్‌కి ఒక చిన్న సైట్ చేశాను. 84 ఫ్లాట్లు. మెయింటెనెన్స్ బిల్లు, నీళ్ల ట్యాంకర్ల లెక్క, నోటీసులు, ఫిర్యాదులు అన్నీ అందులోనే. కోడ్ పీహెచ్‌పీలో రాశాను, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. బ్యాంకు సైట్లలో ఉన్నట్టు లాగిన్ అవగానే పైన 'మీ చివరి లాగిన్' అని తేదీ, సమయం చూపిద్దామని పెట్టాను.

ఇప్పుడు రెండు తలనొప్పులు. ఎప్పుడు లాగిన్ అయినా పోయినసారి టైమ్ రావడం లేదు, ఈసారి టైమే వస్తోంది. అది కూడా సరైన టైమ్ కాదు. మూడో అంతస్తులో ఒక రిటైర్డ్ మాస్టారు ఉంటారు. నిన్న పొద్దున్న బిల్లు కట్టడానికి లాగిన్ అయితే 'చివరి లాగిన్ 3:42' అని కనిపించిందట. తెల్లవారుజామున తన పేరుతో ఎవరో దూరారని వెంటనే పాస్‌వర్డ్ మార్చేశారు, బ్యాంకుకి కూడా ఫోన్ చేశారు. మధ్యాహ్నం అన్నం కూడా సరిగా తినలేదని వాళ్లావిడ చెప్పారు. నాకు చాలా బాధగా ఉంది.

ఇది చాలదన్నట్టు, అందరి చివరి లాగిన్ అందరికీ కనిపించేలా పెట్టమని మా సెక్రటరీ గారు అంటున్నారు. దాని మీద కూడా మీ సలహా కావాలి.

కైలాసగిరి_కోడర్
మాస్టారు లాగిన్ అయింది ఎన్ని గంటలకి? 9:12కా?

మధురవాడ_కుర్రాడు
సరిగ్గా 9:12. మీకెలా తెలిసింది?

కైలాసగిరి_కోడర్
3:42కి అయిదున్నర గంటలు కలపండి. మీ సర్వర్ యూటీసీలో, అంటే ప్రపంచమంతా లెక్కకి వాడే ప్రామాణిక సమయంలో నడుస్తోంది, మనం దానికంటే 5:30 ముందున్నాం. ఎవరూ దూరలేదు, ఆయనకి కనిపించింది ఆయన అప్పుడే చేసిన లాగినే. కోడ్ సంగతి తర్వాత, ముందు ఆయన ఇంటికి వెళ్లి చెప్పండి.

మధురవాడ_కుర్రాడు
వెళ్లొచ్చాను. కాఫీ ఇచ్చారు, అంతా విన్నారు. చివర్లో "మరి 3:42 అని ఎందుకు రాసింది బాబూ" అన్నారు. తెర మీద కనిపించినదాన్నే నమ్ముతారు కదా ఎవరైనా.

సింహాచలం_సంపెంగ
మొదటి సమస్య వరసలో ఉంది. పాస్‌వర్డ్ సరిపోగానే మీరు లాస్ట్_లాగిన్ కాలమ్‌లో ఇప్పటి సమయం రాసేస్తున్నారు, ఆ తర్వాత అదే కాలమ్ చదివి చూపిస్తున్నారు. పాతది అప్పటికే పోయింది. ముందు పాత విలువ చదివి సెషన్‌లో (లాగౌట్ అయ్యేదాకా సర్వర్ గుర్తుంచుకునే చోట) పెట్టుకోండి, ఆ తర్వాతే కొత్తది రాయండి. పేజీ మీద సెషన్‌లో ఉన్నదే చూపించండి. అప్పుడు లాగౌట్ అయ్యేదాకా ఎన్ని పేజీలు తిరిగినా అదే పాత సమయం నిలబడుతుంది.

పెందుర్తి_పవన్
సంపెంగ గారు చెప్పింది చేశాక కూడా తేడా వస్తే కాలమ్ నిర్వచనం చూడండి. దానికి 'ఆన్ అప్‌డేట్ కరెంట్ టైమ్‌స్టాంప్' తగిలించి ఉంటే ఆ యూజర్ రికార్డులో ఏది మారినా టైమ్ మారిపోతుంది. యూజర్ ఫోన్ నంబర్ మార్చుకున్నా లాగిన్ అయినట్టే నమోదవుతుంది. పాత మైఎస్‌క్యూఎల్ వెర్షన్లలో టేబుల్‌లో మొదటి టైమ్‌స్టాంప్ కాలమ్‌కి మనం అడగకపోయినా అదే తగిలించేది. నేను దీంతో మూడు రోజులు కొట్టుకున్నాను. అడ్మిన్ ఒకేసారి అందరి రికార్డుల్లో పిన్‌కోడ్ సరిచేస్తే, ఊరంతా ఒకే సెకనులో లాగిన్ అయినట్టు చూపించింది.

మధురవాడ_కుర్రాడు
పవన్ గారూ, చూశాను. నాది కూడా అలాగే ఉంది! తీసేశాను.

గాజువాక_సిస్టమ్స్
ఒక్క కాలమ్‌తో సరిపెట్టకండి. లాగిన్ల కోసం వేరే టేబుల్ పెట్టండి. యూజర్ ఐడీ, సమయం, ఐపీ (నెట్‌లో వాళ్ల చిరునామా నంబరు), బ్రౌజర్, పాస్‌వర్డ్ సరిపోయిందా లేదా. చివరి లాగిన్ కావాలంటే అందులోంచి తీసుకోవచ్చు.

పెందుర్తి_పవన్
84 ఫ్లాట్లకి అంత హంగామా ఎందుకండి? ఒక కాలమ్ చాలు.

గాజువాక_సిస్టమ్స్
ఫ్లాట్ల సంఖ్యకీ దీనికీ సంబంధం లేదు పవన్. రాత్రి 2 గంటలకి ఎవడో మాస్టారి పేరుతో లాగిన్ అయ్యాడు అనుకో. పొద్దున్న మాస్టారు 9కి లాగిన్ అయ్యి, కరెంటు పోయిందని మళ్లీ 9:20కి అయ్యారు. ఒక్క కాలమే ఉంటే రెండోసారి ఆయనకి 9 గంటల లాగినే కనిపిస్తుంది. మొదటిసారి పైన రాసింది చూడకపోతే ఆ 2 గంటల సంగతి ఇక ఎక్కడా ఉండదు. తప్పు పాస్‌వర్డ్‌తో ఎన్నిసార్లు ప్రయత్నించారో కూడా దొరకదు. లినక్స్ సర్వర్‌లో చివరి లాగిన్‌కి ఒక ఫైలు, మొత్తం చరిత్రకి డబ్ల్యూటీఎంపీ అని ఇంకో ఫైలు ఎప్పటినుంచో వేరువేరుగా ఉన్నాయి. 'లాస్ట్' అని కొడితే వరసంతా వస్తుంది.

పెందుర్తి_పవన్
ఆ 9:20 ఉదాహరణతో ఒప్పుకుంటున్నాను. రెండూ పెట్టుకోవచ్చు, గబుక్కున చూపించడానికి కాలమ్, వెతకడానికి టేబుల్.

లాసన్స్‌బే_శ్రీను
టైమ్ విషయానికి వస్తే, మీవాళ్లంతా విశాఖలోనే ఉంటారు కదా, డేటాబేస్‌లోనే నేరుగా మన టైమ్ రాసేయండి. యూటీసీ గొడవ ఎందుకు?

కైలాసగిరి_కోడర్
శ్రీను గారూ, అక్కడే దెబ్బ తింటాం. మధురవాడ ఫ్లాట్లలో ఎంతమంది ఓనర్లు ఇక్కడ ఉన్నారు? సగం మంది పిల్లలు డాలస్‌లో, మెల్‌బోర్న్‌లో ఉండి అక్కడినుంచే మెయింటెనెన్స్ కడతారు. అక్కడ ఏడాదికి రెండుసార్లు గడియారాలు మారుస్తారు కూడా. భద్రపరిచేది యూటీసీలో, చూపించేది చూసేవాళ్ల టైమ్‌లో. బ్రౌజర్‌ని అడిగితే దాని టైమ్‌జోన్ చెబుతుంది. మన దగ్గర క్రోమ్ 'ఏషియా/కలకత్తా' అంటుంది, పీహెచ్‌పీలో 'ఏషియా/కోల్‌కతా' అని రాస్తాం. రెండూ ఒకటే, కంగారు పడకండి. పక్కనే 'భారత కాలమానం' అని రెండు మాటలు రాస్తే డాలస్ అబ్బాయికి, మూడో అంతస్తు మాస్టారికి ఒకే అర్థం వస్తుంది.

ఇంకొకటి. మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్ రకం లోపల యూటీసీగా దాచి, కనెక్షన్ టైమ్‌జోన్‌కి మార్చి ఇస్తుంది. డేట్‌టైమ్ రకం ఏది ఇస్తే అదే దాస్తుంది, ఏ మార్పూ చేయదు. ఒక చోట ఇదీ, ఇంకో చోట అదీ వాడితే అయిదున్నర గంటలు రెండుసార్లు కలిసిపోతాయి. టైమ్‌స్టాంప్ రకానికి 2038 జనవరి 19 దాకానే ఆయుష్షు, మన లెక్కలో ఆ ఉదయం 8:44 వరకు.

మధురవాడ_కుర్రాడు
మా ఓనర్లలో 11 మంది విదేశాల్లో ఉన్నారు. యూటీసీకే మారుస్తున్నాను.

బీచ్‌రోడ్డు_బాబాయ్
మన టైమ్‌కి లెక్క 82న్నర డిగ్రీల రేఖాంశం, అది కాకినాడ పక్కనుంచే పోతుంది. విశాఖ 83 దాటి ఉంది కాబట్టి సూర్యుడి లెక్కలో మనం గడియారం కంటే ఓ మూడు నిమిషాలు ముందే.

సమయం సరిగ్గా చెప్పడం ఈ ఊరికి కొత్త కాదు. గోడే వెంకట జగ్గారావు గారు 1840లో డాబాగార్డెన్స్‌లో సొంతంగా వేధశాల కట్టుకున్నారు. ఓడలకీ ఊళ్లోవాళ్లకీ సమయం తెలిసేలా డాల్ఫిన్‌నోస్ కొండ మీద జెండాతో సంకేతం ఇచ్చే ఏర్పాటు కూడా చేశారు. రోజూ ఆ వైపు చూసి గడియారాలు సరిచేసుకునేవాళ్లు. బీచ్‌లో నడిచేటప్పుడు ఆ కొండ చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు.

సింహాచలం_సంపెంగ
బాబాయ్ గారూ, పుట్టి పెరిగింది ఇక్కడే, ఈ సంగతి నాకు ఇవాళే తెలిసింది. మా అబ్బాయికి చదివి వినిపించాను.

గాజువాక_సిస్టమ్స్
ఆ జెండా పని ఇప్పుడు ఎన్‌టీపీ, అంటే నెట్ ద్వారా కంప్యూటర్ల గడియారాలు సరిచేసే పద్ధతి చేస్తోంది. అది లేకపోతే ఏమవుతుందో హుద్‌హుద్ అప్పుడు చూశాను. 2014 అక్టోబరు 12న తుపాను వచ్చింది. కరెంటు రోజుల తరబడి లేదు. అప్పట్లో నేను పనిచేసే ఆఫీసులో సర్వర్ మా గదిలోనే ఉండేది. కరెంటు వచ్చాక ఆన్ చేస్తే, మదర్‌బోర్డు మీద బ్యాటరీ ఎప్పుడో అయిపోయి ఉంది, గడియారం ఏళ్ల వెనక్కి వెళ్లిపోయింది. నెట్ ఇంకా రాలేదు కాబట్టి సరిచేసేవాళ్లు లేరు. ఆ రెండు రోజులూ లాగిన్ అయినవాళ్లందరికీ 'చివరి లాగిన్ 2009 జనవరి' అని పడింది. కొందరు ఖాతా తెరవకముందే లాగిన్ అయినట్టు! ఆ లాగ్‌లు (ఎవరు ఎప్పుడు వచ్చారో సర్వర్ రాసుకునే చిట్టా) చేత్తో సరిచేయడానికి వారం పట్టింది. జీతాలకి హాజరు లెక్క వాటిమీదే ఉండేది, మనుషుల డబ్బు విషయం.

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో కంపెనీలు గడియారాలని ఎన్‌ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) సర్వర్లతో కలిపి ఉంచాలనీ, లాగ్‌లు 180 రోజులు దాచాలనీ ఉంది. అది చదివినప్పుడు నాకు ఆ వారమే కళ్లముందు మెదిలింది.

ఉత్తరాంధ్ర_అమ్మాయి
నాది వేరే గొడవ. ఒక డ్యాన్స్ స్కూల్‌కి వర్డ్‌ప్రెస్ సైట్ చూస్తాను. వర్డ్‌ప్రెస్ చివరి లాగిన్ టైమ్‌ని చూపించదు కాబట్టి లాగిన్ హుక్ (ఎవరైనా లాగిన్ అయినప్పుడు మన కోడ్‌ని నడిపించే చోటు) పట్టుకుని, యూజర్ వివరాలు దాచే యూజర్ మెటాలో రాశాను. ఒక అమ్మ రోజూ సైట్ చూస్తారు, వీడియోలకి కామెంట్లు పెడతారు. ఆవిడ చివరి లాగిన్ మాత్రం 12 రోజుల కిందట. నా కోడ్ తప్పా?

సింహాచలం_సంపెంగ
కోడ్ సరిగ్గానే ఉంది. ఆవిడ 'నన్ను గుర్తుంచుకో' టిక్ పెట్టి ఉంటారు. వర్డ్‌ప్రెస్‌లో అప్పుడు కుకీ (లాగిన్ అయినట్టు బ్రౌజర్ దాచుకునే గుర్తు) 14 రోజులు ఉంటుంది, టిక్ లేకపోతే రెండు రోజులు. కుకీ ఉన్నన్నాళ్లూ పాస్‌వర్డ్ అడగదు, లాగిన్ హుక్ కదలదు. తాళం తీసి లోపలికి రావడం ఒకటి, లోపల తిరుగుతూ ఉండటం ఇంకొకటి. రెండోది కావాలంటే 'చివరిసారి చూసింది' అని వేరే కాలమ్ పెట్టాలి.

కైలాసగిరి_కోడర్
ఆ రెండో కాలమ్‌ని ప్రతి క్లిక్‌కీ రాయకండి, డేటాబేస్ అలసిపోతుంది. పాతది అయిదు నిమిషాలు దాటి ఉంటేనే రాయమని షరతు పెట్టండి. సైట్ కట్టడానికి పైథాన్‌లోని జాంగో వాడేవాళ్లు కూడా చూసుకోండి. అందులో లాస్ట్_లాగిన్ పుట్టుకతోనే వస్తుంది కానీ, మొబైల్ యాప్‌కి టోకెన్లతో లాగిన్ ఇస్తే అది తనంతట తాను మారకపోవచ్చు, సెట్టింగ్ ఆన్ చేయాలి.

గాజువాక_సిస్టమ్స్
పెద్ద ఆఫీసుల్లోనూ ఇదే తంటా. విండోస్ డొమైన్‌లో (ఆఫీసు ఖాతాలన్నిటినీ కొన్ని సర్వర్లు కలిసి చూసుకునే ఏర్పాటు) 'లాస్ట్‌లాగాన్' అనేది ఏ సర్వర్‌కి ఆ సర్వర్ రాసుకుంటుంది, మిగతావాటికి చెప్పదు. 'లాస్ట్‌లాగాన్‌టైమ్‌స్టాంప్' అందరికీ చేరుతుంది కానీ మామూలు సెట్టింగ్‌లో 14 రోజుల దాకా వెనకబడి ఉండొచ్చు. ఒకసారి ఒక్క సర్వర్‌నే అడిగి వాడుకలో లేని ఖాతాల జాబితా తీశాం. రోజూ అందరికంటే ముందు వచ్చే ఆవిడ పేరు అందులో ఉంది. ఖాతా ఆపేశాం. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు, ఉద్యోగం తీసేశారేమో అనుకుని.

ఎంవీపీ_మాధవి
సెక్రటరీ గారి కోరిక గురించి ఎవరూ మాట్లాడటం లేదేంటి? అందరి చివరి లాగిన్ అందరికీ చూపించడం అస్సలు వద్దు. నేను నర్సుని, ఒక్కదాన్నే ఉంటాను, నైట్ డ్యూటీలు. తెల్లవారుజామున 4 గంటలకి బిల్లు కడితే అది 84 ఇళ్లకి తెలియాలా? వారం రోజులు లాగిన్ కాకపోతే ఇంటికి తాళం ఉందని ఊహించుకోరా? పండక్కి ఊరెళ్లే ముందు పేపర్ కూడా ఆపించేసి వెళ్తాం గుమ్మం ముందు పోగు పడకూడదని. ఇది ఆ పేపర్లు మనమే పోగేసి పెట్టడం.

లాసన్స్‌బే_శ్రీను
మాధవి గారి భయం నిజమే. కానీ సెక్రటరీ బాధ కూడా వినండి, రెండేళ్లు నేను ఆ పని చేశాను. రేపు ట్యాంక్ కడుగుతున్నాం, నీళ్లు పట్టుకోండి అని నోటీసు పెడతాం. మర్నాడు పొద్దున్న ఆరింటికి ఇరవై ఫోన్లు, 'మాకెవరూ చెప్పలేదు' అని. ఎవరు సైట్ చూశారో తెలిస్తే చూడనివాళ్ల తలుపు తట్టి చెప్పొచ్చు కదా అన్నది ఆయన ఆలోచన అయి ఉంటుంది.

ఎంవీపీ_మాధవి
దానికి లాగిన్ టైమ్ ఎందుకు? లాగిన్ అయినవాళ్లు నోటీసు చదివారని ఏముంది, నేను బిల్లు కట్టి బయటికి వచ్చేస్తాను. నోటీసు కింద 'చదివాను' అని బటన్ పెట్టండి. ఎవరు నొక్కలేదో సెక్రటరీ గారికి ఒక్కరికే కనపడితే చాలు.

లాసన్స్‌బే_శ్రీను
ఇది బాగుంది. నేను సెక్రటరీగా ఉన్నప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

సింహాచలం_సంపెంగ
మాధవి గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. వాట్సాప్‌లో కూడా 'లాస్ట్ సీన్' ఎవరు చూడాలో మనమే ఎంచుకుంటాం, మనది దాచుకుంటే ఎదుటివాళ్లది మనకీ కనపడదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉద్దేశం కూడా ఇదే, ఏ పని కోసమని చెప్పి డేటా తీసుకున్నామో ఆ పనికే వాడాలి. ఖాతా భద్రత కోసం రాసుకున్న సమయాన్ని ఖాతాదారుకి చూపించాలి. పక్క ఫ్లాట్‌కి దాంతో పని లేదు.

పెందుర్తి_పవన్
ఏ ఊరి నుంచి లాగిన్ అయ్యారో కూడా చూపిస్తే? భద్రతకి ఇంకా మంచిది కదా.

గాజువాక_సిస్టమ్స్
వద్దు పవన్, మాస్టారు మళ్లీ అన్నం మానేస్తారు. మొబైల్ డేటాలో వేలమంది ఒకే ఐపీ పంచుకుంటారు. గాజువాకలో కూర్చున్నా నా ఐపీ కొన్నిసార్లు హైదరాబాద్ అనీ కొన్నిసార్లు చెన్నై అనీ చూపిస్తుంది. ఊరు బదులు 'ఆండ్రాయిడ్ ఫోన్, క్రోమ్' అని రాస్తే మనిషి గుర్తుపట్టగలడు. ఐపీని లోపల దాచుకోండి, గొడవ వచ్చినప్పుడు పనికొస్తుంది. సైట్ ముందు క్లౌడ్‌ఫ్లేర్ లాంటి మధ్యవర్తి సర్వీసు ఉంటే మీకు దాని ఐపీయే కనిపిస్తుంది. అసలుది అది పంపే హెడర్‌లో (రిక్వెస్ట్‌తో పాటు వచ్చే అదనపు వివరాల్లో) తీసుకోవాలి. అలాగని ఎవరు పంపిన హెడర్‌నైనా నమ్మకండి, చేత్తో రాసి పంపొచ్చు.

ఉత్తరాంధ్ర_అమ్మాయి
జీమెయిల్‌ని కంప్యూటర్‌లో తెరిచి ఇన్‌బాక్స్ అడుగుకి వెళ్తే కుడివైపు చిన్న అక్షరాల్లో 'చివరి ఖాతా కార్యకలాపం' ఉంటుంది. ఇన్నేళ్లలో నేను దాన్ని చూసింది రెండుసార్లే. కింద మూలన పెడితే ఎవరికీ ఆనదు, మీరు పైనే ఉంచండి. పక్కన 'ఇది నేను కాదు' అని బటన్ ఉండాలి. నొక్కగానే అన్ని చోట్లా లాగౌట్ అయ్యి, పాస్‌వర్డ్ మార్చే పేజీ రావాలి. సమయం చూపించి ఊరుకుంటే భయపడటం తప్ప మాస్టారు ఏం చేయగలరు?

బీచ్‌రోడ్డు_బాబాయ్
సమయం రాసే తీరు కూడా ఆలోచించండి. '12:40 ఏఎం' అంటే మా వయసువాళ్లలో చాలామంది మధ్యాహ్నం అనుకుంటారు. ఇంకో చిక్కు ఉంది. ఆదివారం రాత్రి సినిమా చూసి వచ్చి 12:40కి లాగిన్ అయితే సైట్ 'సోమవారం' అంటుంది. మన నోటికి అది ఆదివారం రాత్రే, తెల్లవారితే సోమవారం. 'సోమవారం నేనసలు లాగిన్ కాలేదే' అని గాబరా పడతారు.

మధురవాడ_కుర్రాడు
బాబాయ్ గారూ, ఇది నాకు తట్టనే లేదు. ఎలా రాయమంటారు?

బీచ్‌రోడ్డు_బాబాయ్
'ఆదివారం అర్ధరాత్రి దాటాక 12:40 (తెల్లవారితే సోమవారం, 16వ తేదీ)'. పొడుగే, కానీ సందేహం ఉండదు. మూడు నుంచి అయిదు దాకా తెల్లవారుజామున, ఆ తర్వాత ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి.

కైలాసగిరి_కోడర్
బ్రౌజర్లలోనే తెలుగులో 'నిన్న', '3 గంటల క్రితం' అని ఇచ్చే సదుపాయం ఉంది. కానీ భద్రత కోసం చూపించే చోట అది వద్దు, అసలు గడియారం సమయమే ఉండాలి. '3 గంటల క్రితం' అంటే మనిషి వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి. బాబాయ్ గారి పద్ధతికే నా ఓటు.

మధురవాడ_కుర్రాడు
వారం తర్వాత వచ్చాను, ఏమైందో చెప్పాలి. మీరు చెప్పినవన్నీ చేశాను. వేరే టేబుల్, యూటీసీ, తెలుగులో సమయం, ఫోన్ పేరు, 'ఇది నేను కాదు' బటన్. నోటీసుల కింద 'చదివాను' పెట్టాను. సెక్రటరీ గారు మొదట ముఖం చిన్నబుచ్చుకున్నారు కానీ మొన్న ట్యాంక్ కడిగినప్పుడు తొమ్మిది ఇళ్ల తలుపులే తట్టాల్సి వచ్చిందని ఆయనే అందరికీ చెబుతున్నారు.

మాస్టారు ఇప్పుడు లాగిన్ అయిన ప్రతిసారీ డైరీలో సమయం రాసుకుని మర్నాడు సైట్‌తో సరిచూస్తున్నారు. అయిదు రోజులు నిమిషం తేడా లేకుండా సరిపోయింది. ఆరో రోజు 'సాయంత్రం 4:20, ఆండ్రాయిడ్ ఫోన్' అని వచ్చింది. ఆ సమయానికి ఆయన అప్పుఘర్ దగ్గర వాకింగ్‌లో ఉన్నారు. ఈసారి భయపడలేదు, బటన్ నొక్కి నాకు ఫోన్ చేశారు. తీరా చూస్తే వాళ్లావిడే, ట్యాంకర్ల లెక్క చూద్దామని ఆయన పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లారు.

సింహాచలం_సంపెంగ
అంటే మీరు చేసింది సరిగ్గా పనిచేసింది! కానీ ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ఫ్లాట్‌కి ఒకే లాగిన్ ఉంటే చివరి లాగిన్ ఎంత కచ్చితంగా రాసినా వచ్చింది ఎవరో చెప్పలేదు. మనిషికి ఒకటి ఇవ్వండి.

ఎంవీపీ_మాధవి
అవును, ఆవిడకి ఆవిడ పేరుతోనే ఇవ్వండి. లెక్కలు చూడటానికి భర్త పాస్‌వర్డ్ ఎందుకు వాడుకోవాలి?

మధురవాడ_కుర్రాడు
ఈ రోజే ఇచ్చాను. ఆవిడ లాగిన్ అవగానే 'మీ చివరి లాగిన్: 1970 జనవరి 1, ఉదయం 5:30' అని వచ్చింది. "అప్పటికి నాకు పెళ్లి కూడా కాలేదు నాయనా" అని తెగ నవ్వారు.

కైలాసగిరి_కోడర్
పాత లాగిన్ లేదు కాబట్టి విలువ ఖాళీగా ఉంది. మీ పీహెచ్‌పీ దాన్ని సున్నా సెకన్లు అనుకుంది. లెక్క మొదలయ్యేది 1970 జనవరి 1, యూటీసీ అర్ధరాత్రి, మనకి ఉదయం 5:30. ఖాళీ అయితే సమయం వద్దు, 'ఇదే మీ మొదటి లాగిన్' అని రాయండి.

మధురవాడ_కుర్రాడు
మార్చాను. కింద 'స్వాగతం' అని కూడా పెట్టాను. సాయంత్రం ఇంకో ఆరుగురు వాళ్ల పేరుతో లాగిన్ అడిగారు.